తాంబూలంలో గప్పీలు

చేపలంటే నాకు భయం లేదు. చేపలు చచ్చిపోతాయేమోనని మాత్రం ఆ యేడంతా వణికాను.

అప్పుడు మాదాపూర్‌లో ఒక పాత ఇంటి పైపోర్షన్‌లో కిరాయికి ఉండేవాళ్ళం. గుండ్రటి పెద్ద భవనం ఒకటి కొత్తగా లేచింది. మిగతాదంతా బండలూ, తుప్పలూ, ఆ బండల్ని పేల్చే చప్పుడూ. మా ఆయన ఉద్యోగం ఆ భవనంలోనే. ఆయన ఆఫీసు స్నేహితుడొకడు బెంగుళూరు పోతూ పోతూ తన చేపల తొట్టి మా నెత్తిన పెట్టి పోయాడు. అందులో రంగుతోకల గప్పీలు కాసిని. చిటికెడు మేత వేస్తే చాలన్నాడట. ఆ మహానుభావుడు చెప్పనిదేమిటంటే, అవి గుడ్లు పెట్టవు. నేరుగా పిల్లల్నే పెడతాయి, నెల తిరిగేసరికి మళ్ళీ పెడతాయి.

నాకప్పుడు ఐదో నెల. అంతకుముందు ఒకసారి కడుపు నిలిచినట్టే నిలిచి పోయింది. అందుకని డాక్టరమ్మ ఈసారి మెట్లు దిగొద్దు, ప్రయాణాలొద్దు అని నన్ను మంచానికి కట్టేసినంత పని చేసింది. పుట్టింటికి కూడా పోలేదు. మంచానికి ఎదురుగా తొట్టి. ఇంకేం చూస్తాను? ఒక పొద్దున నేను చూస్తుండగానే ఓ ఆడచేప పిల్లల్ని వదలడం మొదలుపెట్టింది. ఒళ్ళంతా కళ్ళేనన్నట్టు ఎంత చిన్నవో. మురిసిపోయి అత్తయ్యని పిలిచాను. ఆవిడ కళ్ళజోడు వెతుక్కుని వచ్చేలోపు ఆ తల్లే వెనక్కి తిరిగి ఒకదాన్ని గుటుక్కున మింగేసింది.

నా చెయ్యి దానంతటదే పొట్ట మీదికి పోయింది. "కడుపుతో ఉన్న మనిషి ఇంట్లో ప్రాణి పోకూడదే అమ్మాయీ. ముందు ఆ పిల్లల్ని తీసెయ్యి" అంటూ అత్తయ్య టీ వడపోసే జల్లెడ తెచ్చింది. ఆవిడ మామూలుగానే అంది. నాలో మాత్రం ఆ మాట మేకులా దిగింది. ఆ తొట్టిలో ఒక్కటి చచ్చినా నా బిడ్డ నాకు దక్కదని మనసులో పడిపోయింది. చదువు లేనిదాన్నా అంటే, డిగ్రీ ఉంది. భయానికి డిగ్రీతో పనేమిటి?

ఇక చూస్కోండి నా అవస్థ. పెట్టిన పిల్లల్ని పెట్టినట్టే జల్లెడతో తీసి సీసాల్లో వేసేదాన్ని. పచ్చడి సీసాలు నిండాయి, కాఫీపొడి సీసాలు నిండాయి, చివరికి ఇంట్లో పాలు తోడు పెట్టడానికి గిన్నె కరువైంది. మా ఆయన రంగుచేపల కొట్టుకి వెళ్ళి అడిగొచ్చాడు. "పిల్లల్ని తియ్యకుండా వదిలెయ్యమంటున్నాడు. పెద్దవే తినేస్తాయట, లెక్క దానంతటదే సర్దుకుంటుందట" అన్నాడు. నేను ఏడుపు లంకించుకున్నాను. పాపం, మర్నాడు కూర్చుని మగవన్నీ ఏరి వేరే బకెట్లో వేశాడు. హమ్మయ్య అనుకున్నాం. ఎక్కడ? మగతోడు లేకుండానే ఆడవి మళ్ళీ పెట్టాయి, ఆ పై నెలా పెట్టాయి. ఒకసారి జతకడితే ఆ తర్వాత నెలల తరబడి అలా పెడుతూనే ఉంటాయని ఎప్పటికో తెలిసింది.

తొట్టి ఇరుకైపోయింది. పొద్దున లేచేసరికి అన్నీ నీటి పైకొచ్చి నోళ్ళు తెరుచుకుని ఆయాసపడుతుండేవి. వాటిని చూస్తే నాకూ ఊపిరాడేది కాదు. ఎవరికైనా ఇచ్చేస్తే తప్ప బతకవు. ఇస్తే పుచ్చుకునేదెవరు?

అత్తయ్య సీమంతానికి ముహూర్తం పెట్టించింది. గాజులు తొడగడానికి వాడకట్టు ఆడవాళ్ళంతా వస్తారు. అప్పుడు తట్టింది నాకు. సీమంతం నాడు కడుపుతో ఉన్నది తాంబూలం ఇస్తే ఏ ముత్తైదువా కాదనదు.

"ఆకూ వక్కా శనగలతో పాటు చేపలిస్తావా? నలుగురూ నవ్విపోతారే" అని అత్తయ్య నెత్తి కొట్టుకుంది. నవ్వితే నవ్వనీ అన్నాను.

మొదటి తాంబూలం కింద ఉండే మా ఇంటావిడకే ఇచ్చాను. తరతరాలుగా ఆ ఊరి మనిషి. నీళ్ళ కవర్లో కదిలే ఎర్రతోకల్ని చూసి, "ఇదేంది బిడ్డా, శాపలు?" అంది.

"కాదనకండి అమ్మా. జాగ్రత్తగా చూసుకోండి. ఒక్కటి కూడా చావకూడదు" అన్నాను.

ఆవిడ నా ముఖంలోకి చూసింది, తర్వాత అత్తయ్య వంక చూసింది. "గట్లనే తియ్యి. నువ్వేం ఫికర్ పెట్టుకోకు" అని కవరు కొంగు చాటున పట్టుకుని దిగిపోయింది. మిగతావాళ్ళూ ఆవిడ వెనకే తలా ఒక కవరు పట్టుకుపోయారు.

తొట్టి తేలికైంది గానీ నేను కాలేదు. ఇన్నాళ్ళూ కళ్ళెదుట ఉన్నవి ఇప్పుడు ఎవరెవరి ఇళ్ళలోనో ఉన్నాయి. ఎవరు పైకొచ్చినా అదే అడిగేదాన్ని. మంచిగున్నయి అనేవాళ్ళు. ఒకావిడైతే పిల్లలు కూడా పెట్టినయని చెప్పింది. ఇంటావిడ తన చేపల్ని గాజుసీసాలో వేసి పెరట్లో బావిగట్టు మీద పెట్టింది. మా వెనక పిట్టగోడ దగ్గర నిలబడితే పైనుంచి ఆ సీసా, అందులో ఒక ఎర్రతోకా కనిపించేవి. పొద్దున లేస్తే దేవుడి పటం కన్నా ముందు దాన్ని చూసేదాన్ని.

తొమ్మిదో నెలలో ఒక పొద్దున బండలు పేల్చిన చప్పుడుకి ఇల్లు అదిరింది. ఆ తర్వాత కడుపులో కదలిక లేదు. పక్కకి ఒత్తిగిలినా లేదు, చల్లటి నీళ్ళు తాగినా లేదు. అత్తయ్య ఆటో కోసం మా ఆయన్ని పరిగెత్తించింది. నేను గోడ పట్టుకుని పిట్టగోడ దాకా నడిచాను. చూడాలంటే భయం, చూడకుండా ఉండలేను. సీసాలో ఎర్రగా మెల్లగా ఊగుతోంది. ఉంది, బతికే ఉంది అనుకుంటూ అక్కడే చతికిలబడ్డాను. ఆటో వచ్చేలోపు బిడ్డ కాలితో తన్నింది.

ఆడపిల్ల పుట్టింది. బారసాల నాడు పిల్లనెత్తుకుని మొదటిసారి పెరట్లోకి దిగాను, బావికి పసుపూ కుంకుమా పెట్టడానికి. సీసా అక్కడే ఉంది. వంగి చూశాను. తేటనీళ్ళలో ఒక ఎర్ర మందారం రెక్క తేలుతోంది. చేప లేదు.

ఇంటావిడ వెనకే వచ్చి నిలబడింది. "మూడు పొద్దులకే పోయినయి బిడ్డా. అన్నం మెతుకులు ఎక్కువేసిన. అందరియి గట్లనే పోయినయి. నీకు ఎరుక కావద్దని మీ అత్త మాకందరికి చెప్పింది."

"మరి ఈ రెక్క?"

"వాడిపోతే నల్లగైతది గద. రోజు పొద్దుగాల మారుస్తున్న."

పిల్లని ఆవిడ చేతుల్లో పెట్టాను.

"నా శేతులనే పోయినయి గద. నీకేమన్న అయితే నా పాపమే అనుకున్న" అంది పిల్లని గుండెకి హత్తుకుంటూ. "రెక్క ఏసి నీ పిట్టగోడ దిక్కే చూస్తుంటి, నువ్వొచ్చి నిలబడేదాంక."