రాయేసినోడికి పండెందుకియ్యాల?

మా చిన్నప్పుడు మా ఇంట్లో అందరి వేళ్ళూ నల్లగానే ఉండేవి... అమ్మవి, అమ్మమ్మవి, నావి. పలాస దగ్గర ఊరు మాది. కాల్చిన జీడిపిక్కలు గోనెల్లో తెచ్చి, వసారాలో కూర్చుని కొట్టి, పప్పు తీసేవాళ్ళం. చేతులకి బూడిద రాసుకునే కూర్చోవాలి. మరిచిపోయామో... పిక్కలోని జీడి రసం అంటుకుని చర్మం ఊడొచ్చేసేది. ఆ నలుపు సబ్బుకి పోదు, సున్నిపిండికి పోదు. నిమ్మచెక్కతో రుద్దితే మంట తప్ప ఏమీ మిగలదు. అన్నీ చేసి చూశాను కనక చెప్తున్నాను!

అప్పుడు నాది ఆరో తరగతి. నా వెనక బెంచీలో బట్టల షాపు షావుకారు గారబ్బాయి కూర్చునేవాడు. నా చేతులంటే వాడికదో ఆట. "జీడి చేతుల్దానా" అంటూ గులకరాళ్ళు విసిరేవాడు. ఒకరోజు ఓ రాయి కణతకి తగిలి రక్తం కారింది... ఏడుస్తూ తెలుగు మేష్టారి దగ్గరికి పరిగెత్తాను.

మేష్టారు చెడ్డవారు కాదు. దూదితో రక్తం తుడిచారు. కానీ వాణ్ణి ఒక్క మాటా అనలేదు. "చెట్టుని చూసి నేర్చుకోవాలమ్మా, దానికెంత ఓర్పు!" అన్నారు. స్కూల్ వార్షికోత్సవంలో నువ్వే చదవాలంటూ తను రాసిన పాట కూడా చేతిలో పెట్టారు.

*రాళ్ళతో కొట్టినా పళ్ళనే రాల్చేను*
*చెట్టమ్మ ఓర్పును చూసి నేర్వమ్మా...*

ఒళ్ళు మండిపోయింది నాకు. దెబ్బ తిన్నదాన్ని నేను, ఓర్పు నేర్చుకోవాల్సిందీ నేనేనా? ఇంటికొచ్చి బడి మానేస్తానన్నాను. అమ్మ తలైనా ఎత్తలేదు. "మానీ. రేపట్నించి నాతో పిక్కలు కొట్టు" అంది. అంతే... అంత సులువు! మా వీధిలో నా ఈడు ఆడపిల్లలు చాలామంది అలాగే పుస్తకాలు అటకెక్కించేశారు మరి.

అమ్మమ్మే నన్ను పట్టుకుంది. "ఏదీ, ఆ పాట సదువు" అంది. చదివాను.

"ఏ సెట్టే అది?"

"ఏదో ఒకటి... చెట్టు."

"పేరు నేదేటి దానికి?"

చెయ్యి పట్టుకుని పెరట్లో జీడిచెట్టు కిందకి లాక్కెళ్ళింది. ఎండలు ముదురుతున్న రోజులు... పళ్ళు ఎర్రగా వేలాడుతున్నాయి.

"సూడు గుంటా. మామిడి టెంకేడుంటాది? పండులోన. పనస పిక్కేడుంటాది? పండులోన. మరి ఇదేటి సేసినాది? పిక్కని బయటెట్టీసి కూకున్నాది! ఎవుడికీ బయపడి దాసుకోనేదు. పండు సిలకా తింటాది, ఉడతా తింటాది, నువ్వూ తింటావు. ఆ పిక్కని కొరకమను సూద్దాం... మూతి కాలిపోతాది!"

నల్లటి తన చేతులు రెండూ నా మొహం ముందు చాచింది. "ఇది మురికి కాద్దే. ఈ సెట్టుతో ఇన్నేళ్ళు తగువాడిన సెయ్యి."

అమ్మమ్మకి అక్షరమ్ముక్క రాదు. పిక్కలు కొడుతూ మా ఆడవాళ్ళు మాటకి మాట కట్టి పాడుకుంటారు... అలా కట్టింది, అప్పటికప్పుడు.

*రాయేసినోడికి పండెందుకియ్యాల?*
*రాయేటో పండేటో నాకు తెల్దేటి?*
*అడిగినోడికి నీడ, ఆకలన్నోడికి పండు,*
*గొడ్డలెత్తినోడికి సేతినిండా పుండు!*
*జీడి సెట్టునిరా నాను, జీడి సెట్టుని!*

"ఇది సదువు. సదివినాక కావాలంటే బడి మానీ" అంది.

వార్షికోత్సవం రోజు కణత మీద పట్టీతో స్టేజీ ఎక్కాను. చేతులు వెనక్కి పెట్టుకో, బాగోదు అన్నారు మేష్టారు. వెనక్కే పెట్టుకున్నాను. మేష్టారి పాట మొదటి లైను చదివాను... ముందు వరసలో కూర్చున్న షావుకారు గారబ్బాయి కిసుక్కుమన్నాడు. అంతే! రెండో లైను నోట్లోంచి రానేలేదు. చేతులు ముందుకొచ్చేశాయి. మా అమ్మమ్మ పాట, మా అమ్మమ్మ యాసలోనే, గొంతు చించుకుని అందుకున్నాను. "సేతినిండా పుండు" దగ్గర పది వేళ్ళూ వాడి వైపే చాపాను.

కుర్చీల్లో పెద్దలు మొహమొహాలు చూసుకున్నారు. వెనకాల గోడ వారన, పిక్కల పని నుంచి నేరుగా వచ్చేసిన ఆడవాళ్ళు మాత్రం... అబ్బో, ఆ కేకలు, ఆ చప్పట్లు! వాళ్ళలో మా అమ్మ కూడా ఉంది. చప్పట్లు కొడుతుంటే చేతుల్లోంచి బూడిద లేస్తోంది.

పెద్దల ముందు పరువు తీశానని మేష్టారు నన్ను వారం రోజులు క్లాసు గుమ్మం బయట నిలబెట్టారు. నిలబడ్డాను. అక్కణ్ణించే పాఠాలు విన్నాను. రాళ్ళు మాత్రం మళ్ళీ పడలేదు. పిక్కలు కొట్టడానికి రమ్మని అమ్మా మళ్ళీ అనలేదు.

ఇప్పుడు నేను ఓ కాలేజీలో తెలుగు చెప్తున్నాను. ఆ అబ్బాయి నా ఫేస్‌బుక్ ఫ్రెండు... ఇదీ చదువుతాడు. చదువు నాయనా, చదువు! లైకు కొట్టకపోయినా పర్లేదు.

అమ్మమ్మ లేదు. ఆ చెట్టు ఓ తుపానుకి వేళ్ళతో సహా పడిపోయింది. పిక్కలు మిషన్లు కొడుతున్నాయి, మా వీధి ఆడపిల్లల వేళ్ళు తెల్లబడ్డాయి... సంతోషమే. కానీ మొన్న మా పాప, వెనక బెంచీ పిల్లాడు రోజూ జడ లాగుతున్నాడని వాళ్ళ టీచరుకి చెబితే ఏమన్నారో తెలుసా? "చెట్టులా ఓపిగ్గా ఉండాలమ్మా" అన్నారట. ఇన్నేళ్ళకీ అదే చెట్టు!

పాపని పక్కన కూర్చోబెట్టుకుని అడిగాను... "ఏ సెట్టే అది?"

ఇప్పుడు దానికి అమ్మమ్మ పాట మొత్తం నోటికొచ్చు. రేపు క్లాసులో చదువుతానంటోంది. నేనైతే ఆపను.

మీ ఇళ్ళల్లో ఏ చెట్టు మీకేం నేర్పిందో కింద రాయండి... పేరున్న చెట్టే అవ్వాలి సుమా. రాళ్ళు తిని పళ్ళిచ్చే చెట్టు గురించి మాత్రం రాయకండి. అది మా ఊళ్ళో మొలవదు.