దొరసాని నడక

"జర నువ్వు పోయి రావే" అనడం దొరసానికి అలవాటు. దొరవారి కోటలాంటి ఇల్లు, గడిలో వెట్టి చేసే మా అమ్మే ఆమెకు కాళ్ళూ చేతులూ. నెయ్యన్నంతో ఒళ్ళు పెరిగిన ఆమెను జొన్న గటక తినమని, రోజూ నడవమని పట్నం డాక్టరు చెప్పాడు. మా ఇంటి గటక కుండ గడికి పోయింది. నడకకు మాత్రం "నా బదులు జర నువ్వు నడిచి రావే" అంది. అమ్మ ఖాళీ కడుపుతో గడి చుట్టూ తిరిగొచ్చింది.

దొరల మీద తిరగబడ్డ సంఘం దళం గడి మీదికి వస్తోందని తెలిసిన రోజు బండి తోలడానికి ఎవరూ రాలేదు. దొరసాని నల్లగొండకు నడిచే బయలుదేరింది. నెత్తిన ఆమె మూటతో అమ్మ, వెనక నేను. పట్నం ఇంకా కొంత దూరం ఉందనగా, పానగల్ దగ్గర దొరసాని కూలబడింది.

"రోజూ గింత ఎట్ల నడుస్తవే?"

"నేను మళ్ళ ఎనక్కి గూడ నడవాలె, దొరసాని" అంది అమ్మ, మూట దించకుండానే.