జహాజ్ మర్యాద

మా చిన్నాయన పెండ్లాంతోని జహాజెక్కి సముద్రం మీదికెల్లి లండన్ పోయొచ్చినంక, మాదన్నపేటల మా ఇంట్ల ఎవ్వరికీ ముద్ద సక్కగ దిగలే. నేల మీద కూసొని జొన్నరొట్టెను కత్తితోని కోసుకునే మొగోణ్ని నేను ఆయన్నే చూసిన. ఎవరేం తిన్నా "జహాజ్ల గిట్ల తినరు" అనేటోడు.

ఒకనాడు నాయనమ్మ పచ్చిపులుసు జుర్రితే గదే మాట అన్నడు. ముసలామె సగంల చెయ్యి కడుక్కోబోయింది. చిన్నమ్మ ఆపింది.

"తినుండ్రి అత్తమ్మా. జహాజ్ల అందరితోని బల్ల కాడ కూసొని తిన్నది నేను. మీ కొడుకు ఆ కత్తులకు, చెంచాలకు భయపడి, పొయ్యేటప్పుడు, వచ్చేటప్పుడు గదిల తలుపేసుకొని అటుకులు బుక్కిండు."

"జహాజ్ల ఆడోళ్లు గిట్ల మాట్లాడరు!" అని లేచిండు చిన్నాయన.

"తలుపు తీస్తే గద తెలిసేది," అనుకుంట చిన్నమ్మ నాయనమ్మకు ఇంకింత పులుసు పోసింది.