పదో దళం

చరిత్రలో పేరుమోసిన సైనిక దళాల మీద వచ్చిన లావుపాటి పుస్తకం ఒకటి ఈమధ్య గ్రంథాలయంలో చూశాను. నేను చదివింది ఊరి బడిలో ఐదో తరగతి వరకే. అయినా అట్ట నుంచి అట్ట దాకా ఒక్క అక్షరం వదల్లేదు. గుర్రాల మీద ఎడారులు దాటినవాళ్లున్నారు. ఏనుగుల్ని కొండలెక్కించినవాళ్లున్నారు. ఇరుకు దారిలో ఈటెలు పట్టుకుని మహాసైన్యానికి అడ్డం నిలిచినవాళ్లున్నారు. అందరూ ఘనులే, కాదనను. కానీ అంతంత దూరాలు నడిచినవాళ్ల చెప్పులు తెగితే కుట్టిందెవరు? ఆ ఊసు కలికానికైనా లేదు. అందుకే ఈ నాలుగు ముక్కలు రాయడానికి కూర్చున్నాను.

ముందు మా పటాలం సంగతి చెప్పాలి. వంతెన దగ్గర పందొమ్మిది రోజులు కదలకుండా నిలిచిన పటాలం మాది. వరదొస్తే నాలుగు వేల మందిని భుజాల మీద మోసి ఒడ్డుకు చేర్చింది మేమే. ఫిరంగిని ముక్కలు ముక్కలుగా విప్పి మంచుకొండ మీదికి మోసుకెళ్లి, పైన మళ్లీ బిగించాం. ఒక్క మరమేకు కూడా మిగల్లేదు. ఒకటి మిగిలిందని గిట్టనివాళ్లు అంటారు, అది వేరే ఫిరంగిది. దూరపు నడక పందెంలో ఏడేళ్లు వరసగా కప్పు మాదే. వీటన్నిటిలో నేనున్నాను. అంటే, సరుకుల కొట్టులో ఉన్నాను. బూటు నుంచి బొత్తం దాకా నా చేతి మీదుగా పోనిదే ఏ విజయమూ గడప దాటలేదు.

నా చెల్లెలి భర్త, మా బావ, ఆ పటాలానికి బూట్లు కుట్టేవాడు. నా కొట్టు పక్కనే ఆయన రేకుల గది. కిటికీ కింద ముక్కాలిపీట, ఎదురుగా తలకిందులుగా పాతిన ఇనుప పాదం, చుట్టూ తోలుముక్కలు, మైనపు ఉండలు, తోలు పొడిచే ఆరెలు, సుత్తి. మేకులు మాత్రం డబ్బాలో ఉండేవి కావు, ఆయన నోట్లో ఉండేవి. ఎడమ బుగ్గలో నాలుగైదు పెట్టుకుని, నాలుకతో ఒక్కొక్కటే పెదాల మీదికి తోసి, తీసి కొట్టేవాడు. ముప్పై ఏళ్ల అలవాటు. భోజనానికి కూర్చోగానే మా చెల్లెలు చెయ్యి చాపేది.

"ఉమ్మండి."

అవి అరచేతిలో పడ్డాక గాని కంచం పెట్టేది కాదు.

జవాన్లు ఆయన్ని డాక్టరు అనేవాళ్లు. బూటు అడుగు చూసి మనిషి గుట్టు చెప్పేసేవాడు. ఒకసారి వంటవాడు ఒక జత తెచ్చిచ్చాడు.

"ఏమోయ్, వేళ్ల దగ్గర ఇంత అరిగిందేం? గోడ దూకుతున్నావా?"

"అబ్బే, ఎంతమాట! నిచ్చెనెక్కి పైఅరలో డబ్బాలు తీస్తుంటాను డాక్టరూ."

"నిచ్చెనెక్కితే బూటుకి గోడ సున్నం అంటదు నాయనా."

వంటవాడు బూట్లు అక్కడే పెట్టి జారుకున్నాడు. ఆ రోజు పటాలం భోజనంలో బావ పళ్లెంలో రెండు ముక్కలు ఎక్కువ పడ్డాయి.

"పారిపోయేవాడి బూటు వేళ్ల దగ్గర అరుగుతుంది బావా, నిలబడేవాడిది మడమ దగ్గర" అనేవాడు నాతో. వంతెన నుంచి వచ్చిన మూడువందల పన్నెండు జతలకీ మడమలే పోయాయి.

ఇంత చేసినా ఒక లోటు. జీతం పటాలానిదే గాని, బావ పటాలంలోవాడు కాడు. జాబితాలో గిన్నెలు తోమేవాడూ, బట్టలుతికేవాడూ, ఆయనా కలిసి "ఇతరులు" అనే మాట కింద ఉండేవాళ్లు. ముప్పై ఏళ్లు అందర్నీ నడిపించిన మనిషి ఒక్కనాడూ వరసలో నడవలేదు.

ఆయన పని విరమించే నెలలోనే పటాలానికి వందేళ్లు నిండాయి. పెద్ద కవాతు పెట్టారు. చుట్టుపక్కల శిబిరాల నుంచి ఎనిమిది దళాలు వస్తున్నాయి. అతిథులు ముందు, ఇంటివాళ్లు వెనక అన్న మర్యాద కొద్దీ మాది తొమ్మిదో దళం. కల్నల్‌గారు బావను పిలిపించి, ఏం కావాలో కోరుకోమన్నారు. గోడగడియారం అడుగుతాడనుకుని ముందే తెప్పించి బల్ల కింద పెట్టించారు కూడా. అది నా కొట్టు నుంచే వెళ్లింది.

"ఒక్కసారి వరసలో నడుస్తానండి" అన్నాడు బావ.

కల్నల్‌గారు గడియారాన్ని కాలితో ఇంకాస్త లోపలికి నెట్టి, "డ్రిల్లు మేస్టారు సరేనంటే నాకూ సరే" అన్నారు.

డ్రిల్లు మేస్టారంటే గునపం మింగినట్టుండే మనిషి. ఆయన బూట్లలో మొహం చూసుకుని గడ్డం గీసుకోవచ్చు. వాటిని ఎన్నడూ బావకిచ్చింది లేదు. "నా బూటు మీద ఇంకొకడి సుత్తి పడకూడదు" అనేవాడు. మడమలు తనే అంటించుకునేవాడు, జిగురుతో.

మర్నాటి నుంచి మైదానంలో తర్ఫీదు మొదలైంది.

"డాక్టరూ! నేల మీద ఏం పారేసుకున్నావు?"

"ఏం లేదు సార్. రెండో వరసలో మూడోవాడి బూటు నోరు తెరిచింది."

"ముందు నీ నోరు ముయ్యి! తల ఎత్తు!"

తల ఎత్తితే అడుగు తప్పేది, అడుగు చూసుకుంటే తల దిగేది. వారం తిరిగేసరికి మేస్టారు తేల్చి చెప్పేశాడు. "ఇంకొక్కసారి కిందికి చూశావంటే నీ కవాతు మీ వంటింట్లో చేసుకో."

బావకి అన్నం సయించలేదు. మా చెల్లెలు రెండు రోజులు చూసి, మూడోనాడు చొక్కా కాలరుకి గంజి పెట్టింది. అలా ఇలా కాదు, ఆరాక దానితో తలుపు తట్టొచ్చు.

"ఇప్పుడు దించండి చూద్దాం తల."

"దిగట్లేదే. ఊపిరి కూడా దిగట్లేదు."

"ఊపిరి వేదిక దాటాక పీల్చుకోవచ్చు లెండి."

ఆ కాలరు పుణ్యమా అని మేస్టారు సరేనన్నాడు.

కవాతు నాటి పొద్దున మేస్టారు బావ జేబులు వెతికాడు. రెండు ఆరెలు, మైనపు ఉండ, మేజోడులోంచి చిన్న సుత్తి బయటపడ్డాయి.

"ఇది కవాతా, నీ దుకాణమా? ఇంకేమైనా ఉన్నాయా?"

బావ తల అడ్డంగా ఊపాడు. నోరు మాత్రం తెరవలేదు. అప్పుడే నాకు అనుమానం రావలసింది.

ఆయన్ని చివరి వరసలో చివరన నిలబెట్టి, సరిగ్గా ఆయన ముందు మేస్టారు నిలబడ్డాడు. "నా వీపు తప్ప ఇంకేదీ చూడకు" అన్నాడు. నేను మైదానం అంచున, వాళ్లకు ఇరవై అడుగుల దూరంలో ఉన్నాను. ఒక్కో దళం వేదిక ముందు నుంచి సాగిపోతోంది. పెద్ద జనరల్‌గారు ఒక్కో దళానికీ సెల్యూట్ చేస్తున్నారు. మావాళ్లు నిలబడ్డచోటే కదం తొక్కుతూ వంతు కోసం చూస్తున్నారు.

కాలరు కళ్లకి అడ్డు గాని, చెవులకి కాదు గదా. అందరి మడమలూ టక్ టక్ అంటుంటే మేస్టారి ఎడమ మడమ టపక్ అంటోంది.

"సార్, మీ ఎడమ మడమ" అన్నాడు బావ, నోట్లో ఏదో పెట్టుకున్నట్టు.

"ముయ్యి" అన్నాడు మేస్టారు పెదవి కదపకుండా.

"నలభై అడుగులు కూడా రాదు సార్. సరిగ్గా వేదిక ముందు ఊడుతుంది."

ఈసారి మేస్టారు ముయ్యమనలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. ఎనిమిదో దళం వేదిక దాటుతోంది. మావాళ్లని ఆగి నిటారుగా నిలబడమన్నారు. కూర్చుంటే తన వరస వెళ్లిపోతుందని బావకి తెలుసు. ముప్పై ఏళ్ల కోరిక అదొక్కటే. నేను చూస్తూనే ఉన్నాను, ఆయన ఒక్క క్షణం వేదిక వైపు చూశాడు. అంతే, చతికిలబడ్డాడు. గంజి కాలరు బొత్తం తెగి నా దాకా ఎగిరొచ్చింది.

"కాలెత్తండి సార్."

మేస్టారి మొహం ముందుకే ఉంది, ఛాతీ విరుచుకునే ఉంది. ఎడమ కాలు మాత్రం మెల్లగా వెనక్కి లేచింది. కొంగ నయం. బావ తన కుడి బూటు విప్పాడు, దాని మడమకున్న ఇనుప నాడానే సుత్తి చేసుకున్నాడు. బుగ్గలోంచి మేకులు ఒక్కొక్కటే పెదాల మీదికి వచ్చాయి. ఠక్, ఠక్, ఠక్, ఠక్. నాలుగో దెబ్బ పడటమూ, కదలమని కేక వినపడటమూ ఒక్కసారే. మేస్టారి కాలు నేల తాకీ తాకగానే ముందుకు పడింది. దళం వెళ్లిపోయింది. బావ మైదానం మధ్య ఒంటరిగా, చేతిలో బూటుతో మిగిలాడు.

"పరిగెత్తు బావా!" అని అరిచాను.

ఆయన పరిగెత్తలేదు. బూటు తొడుక్కోనూ లేదు. దాన్ని తుపాకీలా భుజానికి ఆనించుకుని నడక మొదలుపెట్టాడు. ఒక కాలికి బూటు, ఒక కాలికి మేజోడు. ఒక అడుగు టక్, ఒక అడుగు మెత్తగా. కాలరు బిగువు లేదు, అయినా తల దించలేదు. డోలు వాయించేవాడు ఆపబోయి, ఆయన్ని చూసి మళ్లీ అందుకున్నాడు. దిగుతున్న జనరల్‌గారి చెయ్యి సగంలో ఆగింది. మళ్లీ పైకి లేచింది. బావ వేదిక దాటేదాకా అలాగే ఉంది.

సాయంత్రం కల్నల్‌గారి గదిలో, అచ్చుకు పంపే నివేదిక గుమాస్తా చదివాడు. "వేదిక ముందు నుంచి పది దళాలు నడిచినవి."

"తొమ్మిది కదయ్యా?"

"సెల్యూట్‌కి ఒక గీత పెట్టమన్నారండి. పెద్దాయన పదిసార్లు చేశారు. పది గీతలు పెట్టాను."

కల్నల్‌గారు కొట్టేయడానికి కలం తీశారు. డ్రిల్లు మేస్టారు ఒక అడుగు ముందుకేశాడు.

"కొట్టెయ్యకండి సార్. పదోది నా వెనకే వచ్చింది. కావాలంటే నా మడమనడగండి."

అలాగే అచ్చయింది. ఆ ప్రతి నా దగ్గరుంది, ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు. ఏ పుస్తకంలో వెతికినా అంత చిన్న దళం దొరకదు.

ఇంటికి వచ్చాక చెల్లెలికి అన్నిటికన్నా పెద్ద దిగులు ఒకటే. "అంత పెద్ద జనరల్ ముందు చిల్లు మేజోడుతోనా అండీ? బొటనవేలు కనిపించలేదూ?"

బావ ఆ మాట విననే లేదు. గడప మీద కూర్చుని, మేస్టారు బాగుచెయ్యమని ఇచ్చిపోయిన మెరిసే బూట్ల జత ఒళ్లో పెట్టుకుని, నావైపు చూశాడు.

"బావా, నిజం చెప్పు. అడుగు తప్పానా?"

"ఒక్కడివే కదా బావా" అన్నాను. "ఎవరితో తప్పుతావు?"