రిబ్బన్ వెనక నీళ్ళు

మా సేవా క్లబ్బు అధ్యక్షుడికి చెయ్యెత్తి "ఒక్క నిమిషం" అనడం అలవాటు. ఆ చెయ్యి గుర్తొస్తే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

తిరుచానూరు రోడ్డులో చలివేంద్రం పెట్టిన రోజు ముఖ్య అతిథి రెండు గంటలైనా రాలేదు. కుండల నిండా నీళ్ళు, వాటి ముందు ఎర్ర రిబ్బన్. పూలమ్మే ముసలామె ఒకామె ఎండలో వచ్చి, "గొంతెండిపోతా ఉండాది నాయనా, గుక్కెడు నీళ్ళు పొయ్యి" అనింది.

ఆయన చెయ్యెత్తాడు. "ఒక్క నిమిషం ఉండమ్మా, ఇంకా రిబ్బన్ కత్తిరించలే."

ఆమె అక్కడే కూలబడింది. అప్పుడు కుండ మూత తీశాడు మహానుభావుడు! ఆమె మొహాన నీళ్ళు చల్లుతూ ఫోటోగ్రాఫర్ వైపు తిరిగి, "పడిందా అప్పా?" అన్నాడు.

మరునాడు పేపర్లో ఆ ఫోటో వచ్చింది. అందులో ఆయన పక్కనే ఖాళీ గ్లాసు పట్టుకుని, కెమెరాకేసి చూస్తున్న కార్యదర్శిని నేనే.