సిరిగేరి నుంచి వచ్చిన నంబర్ వన్

1984లో నేను సండూరు కొండల్లో ఒక ఇనుప ఖనిజం కంపెనీకి హాకీ కోచ్‌ని. బళ్ళారి బజారులో మూడు తరాలుగా బట్టల వ్యాపారం చేస్తున్న ఇంట్లో పుట్టి, గజంబద్ద పట్టాల్సిన చేత్తో హాకీ స్టిక్ పట్టానని మా నాన్న చివరిదాకా దెప్పుతూనే ఉన్నాడు. గాంధీనగర్‌లో కాపురం, వారమంతా సండూరులో మకాం. ఆ రోజుల్లో పెద్ద కంపెనీలు ఆటగాళ్ళకు ఉద్యోగాలిచ్చి టీములు నడిపేవి. దాన్ని స్పోర్ట్స్ కోటా అనేవాళ్ళం. పొద్దున డ్యూటీ, సాయంత్రం ఆట. మొదటి ఏడాది ప్రొబేషన్, అంటే పరీక్షాకాలం. అందులో ఆట తేలకపోతే పెట్టె సర్దుకోవాల్సిందే.

మా గ్రౌండులో గడ్డి అనేది మొలవదు. ఎర్రమట్టి, దాని మీద లారీలు రేపిన ఖనిజం దుమ్ము. ఆట ముగిసేసరికి రెండు జట్ల బనియన్లూ ఒకే రంగులో ఉండేవి.

ఆ ఏడు సెలక్షన్ ట్రయల్స్ బళ్ళారిలో జరిగాయి. నేను టీముతో హుబ్బళ్ళిలో ఉండిపోయాను. బయటినుంచి పిలిపించిన ఇద్దరు సెలక్టర్లు ఆటగాళ్ళను ఎంచి తమ ఊళ్ళకు వెళ్ళిపోయారు. వాళ్ళలో ఒకాయన నాకు ఫోన్ చేసి, ఒక ఫార్వర్డ్ దొరికాడు, నా జన్మలో ఇంత చక్కటి చేతులు చూడలేదు, దయచేసి నీ కోపంతో వాణ్ణి పాడుచేయకు అన్నాడు. ఫార్వర్డ్ అంటే ముందు వరుసలో ఉండి గోల్ కొట్టేవాడు. పేరు ఈరన్న. సిరుగుప్ప తాలూకా సిరిగేరిలో వరి పండించే రైతుల ఇల్లు. అందరికంటే పైన, నంబర్ వన్‌గా ఎంచారు. నా కోపం సంగతి ఆయన ఎందుకెత్తాడో నాకు తెలుసు కాబట్టి, ఈసారి నోరు అదుపులో పెట్టుకోవాలని గట్టిగా అనుకున్నాను.

ఈరన్న వచ్చాడు. ఇరవై దాటిన మనిషి, బలమైన భుజాలు, తక్కువ మాటలు. మొదటి సాయంత్రం బంతిని మెల్లగా అతని వైపు తోశాను. కాలితో ఆపాడు.

నేను నోరెళ్ళబెట్టాను. హాకీలో బంతి కాలికి తగిలితే ఫౌల్. బడిపిల్లలకు మొదటిరోజు చెప్పే మాట అది. రెండోసారి తోశాను. స్టిక్ అడ్డం పెట్టాడు గానీ బంతి దాని కిందుగా దూరి వెళ్ళిపోయింది. మడిలో పార పట్టినట్టు పట్టుకున్నాడు స్టిక్. మా వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. కొత్త చోటు, బెదిరి ఉంటాడని సర్దుకున్నాను. మర్నాడూ అంతే. వారం గడిచినా అంతే.

నాకు పిచ్చెక్కినట్టయింది. స్టిక్ బరువు ఎక్కువేమోనని మార్చాను. బూట్లు కరుస్తున్నాయేమోనని నా డబ్బుతో వేరేవి కొన్నాను. మెస్ తిండి పడలేదేమోనని వంటవాడికి చెప్పి విడిగా రొట్టెలు చేయించాను. కొందరు ఆటగాళ్ళు ఇంటిమీద బెంగతో ఆట మరిచిపోతారు, అలాంటిదేమోనని సెలవిచ్చి ఊరికి పంపాను. వెళ్ళినవాడు వెళ్ళినట్టే తిరిగొచ్చి, అదే పార అదే మడి.

మా సూపరింటెండెంటు కన్నడాయన. హాకీ అంటే ప్రాణం, ఓడిపోవడమంటే అంతకంటే అసహ్యం. ఒక సాయంత్రం గ్రౌండు గట్టు మీద నిలబడి చూసి, "ఏన్రీ కోచ్, నంబర్ వన్ అంద్రే ఇదేనా?" అన్నాడు. ప్రొబేషన్ ముగిసేలోగా మార్పు కనబడకపోతే ఇంటికి పంపేస్తానని నా ఎదుటే ఈరన్నకు చెప్పాడు. ఈరన్న తల ఊపాడు. ఆ ముఖంలో బాధ ఉంది గానీ, ఆశ్చర్యం లేదు.

ఇక లాభం లేదని ఓనమాల నుంచి మొదలుపెట్టాను. పట్టు, స్టాపింగ్, పుష్. స్టాపింగ్ అంటే వచ్చే బంతిని స్టిక్‌తో కదలకుండా ఆపేయడం, పుష్ అంటే చప్పుడు లేకుండా తోయడం. నేను ఎంత తిట్టినా ఎదురు చెప్పేవాడు కాదు. డ్యూటీలో లారీల నంబర్లు రాసి, అందరికంటే ముందు గ్రౌండుకొచ్చి, అందరూ వెళ్ళాక కూడా గోడకేసి బంతి తోస్తూ ఉండేవాడు. ఒకరోజు గట్టి బంతి వచ్చి మోకాలి కింద ఎముకకు తగిలింది. ఎవరైనా కూలబడిపోతారు. ఈరన్న మాత్రం కళ్ళు ఆర్పకుండా, తగిలిన బంతి ఎటు పోతోందో చూస్తున్నాడు. అది చూసి అతన్ని ముందు వరుసనుంచి తీసి వెనక ఫుల్‌బ్యాక్‌గా నిలబెట్టాను. గోల్‌కీపర్‌కు ముందు నిలబడి, దూసుకొచ్చే ఫార్వర్డ్ నుంచి బంతి లాక్కునేవాడు ఫుల్‌బ్యాక్. ఆ లాక్కోవడాన్ని టాకిల్ అంటారు.

టాకిల్‌లో కుర్రవాళ్ళంతా చేసే తప్పు తొందర. బంతి కనబడగానే మీద పడతారు, ఫార్వర్డ్ పక్కనుంచి జారిపోతాడు. ఈరన్నకు తొందర లేదు. ఎదుటివాడితో పాటు ఒక్కో అడుగు వెనక్కి వేస్తూ, వాడు తప్పు చేసేదాకా కాచుకునేవాడు. ఆ ఓపిక ఎక్కడిదని అడిగితే, కాలవ నీళ్ళ వంతు కోసం గట్టు మీద కూర్చునేవాళ్ళకు ఇదొక లెక్కా సార్ అన్నాడు. కొన్ని నెలలకు మా ఫార్వర్డులు అతని వైపు రావడానికి జంకసాగారు. నాకు సంతోషమే. కానీ ఆ సెలక్టర్ చూసిన చేతులు ఏమయ్యాయన్నది మాత్రం నన్ను తొలుస్తూనే ఉంది. ప్రొబేషన్ గడువు దగ్గరపడుతోంది. సూపరింటెండెంటుకు కావాల్సింది గోల్స్ కొట్టే నంబర్ వన్.

ఊళ్ళో ఇతను ఎలా ఆడేవాడో కనుక్కుందామని ఒక ఆదివారం బస్సు పట్టుకుని సిరిగేరి వెళ్ళాను. కోతలయ్యాయి. ఊరి పక్కన ఎండిన మడిలో కుర్రాళ్ళు హాకీ ఆడుతున్నారు. అక్కడి బడిలో హాకీ పిచ్చి ఉన్న డ్రిల్లు మాస్టారు ఉండడంతో ఊరికి ఆ ఆట అబ్బింది. నేను గట్టు మీద నిలబడ్డాను. ఒకడు బంతి తీసుకుని కదిలాడు. మోళ్ళు నిలబడిన ఆ నేల మీద బంతి అతని స్టిక్‌ను వదల్లేదు. ఇద్దరిని దాటాడు, ముగ్గురిని దాటాడు, నాలుగోవాడు ఎటు తిరగాలో తెలియక కూలబడ్డాడు. ఫోన్‌లో ఆ సెలక్టర్ చెప్పిన ఆట అక్షరాలా ఇదే. అతను నా వైపు తిరిగాడు. ఈరన్న ముఖం!

ముందురోజే సండూరులో ఈరన్నకు నా చేతులతో టీ ఇచ్చి వచ్చాను. దగ్గరికి వెళ్ళి పేరడిగాను. ఈరన్న అన్నాడు. పక్కనున్నవాళ్ళు నా ముఖం చూసి నవ్వారు. ఇతను చిన్నీరన్న, పెద్దీరన్న సండూరులో పెద్ద కంపెనీలో ఉన్నాడు, మీకు తెలీదా అన్నారు.

ఆ ప్రాంతంలో ఇంటి దేవుడి పేరు కొడుకులందరికీ పెట్టడం కొత్త కాదు. ఇంట్లో పెద్ద, చిన్న అని పిలుస్తారు. బడి కాగితాల్లో ఇద్దరూ తిమ్మప్ప కొడుకు ఈరన్నలే. ట్రయల్స్‌లో ఆడింది తమ్ముడు. ఉద్యోగంలో చేరింది అన్న. ఇన్ని నెలలూ నేను ఆట మరిచిపోయినవాడికి కాకుండా, ఎప్పుడూ ఆడనివాడికి ఆట నేర్పుతున్నాను.

చిన్నీరన్న నన్ను ఇంటికి తీసుకెళ్ళాడు. మోసం బయటపడిందని తండ్రి గాభరా పడతాడని, కాళ్ళు పట్టుకుంటాడని ఊహించుకుంటూ వెళ్ళాను. తిమ్మప్ప మజ్జిగ ఇప్పించి, నింపాదిగా నా ఎదుట కూర్చున్నాడు. ఆయన ముఖంలో దాచుకోవాల్సింది ఏమీ లేదు.

"తమ్ముడు గెలిచిన ఉద్యోగానికి అన్నను పంపినావు. ఇది తప్పని తెలీదా?" అని అడిగాను.

"తప్పేముండాదప్పా? ఉద్యోగం వచ్చింది మా ఇంటికి గదా. పెద్దోడుండంగా చిన్నోడు పోతే ఊర్లో ఏమంటారు? కాలవ పూడిక తీయను ఇంటికొక మనిషిని పంపమంటారు, ఎవురో ఒకరు పోతారు. మావోడు పనికి ఎగ్గొట్టినాడా యాడన్నా?"

ఏ దొంగతనానికైనా సిద్ధపడి వెళ్ళాను గానీ, ఈ అమాయకత్వానికి సిద్ధంగా లేను. ఆ మనిషి దృష్టిలో మేము ఎంచింది ఒక ఆటగాణ్ణి కాదు, ఒక ఇంటిని. చిన్నీరన్న గడప దగ్గర నిలబడి నేల చూస్తున్నాడు.

సండూరు చేరాను. ఈరన్నను గ్రౌండుకు పిలిచి, సిరిగేరి వెళ్ళొచ్చానని మాత్రం అన్నాను. అతనికి అర్థమైంది.

"నాకు తెలుసు సార్, ఇది నాయన అనుకున్నట్ల కాదని. మొదటి దినమే మీరు కనుక్కుంటారనుకొంటి. మీరు తిట్టినారు, నేర్పినారు. చెప్పల్లంటే నోరు రాలేదు." మళ్ళీ తనే అడిగాడు, "రేపు ప్రాక్టీసుకు రావల్లనా, వద్దా సార్?"

కోపంతో ఊగిపోవాల్సినవాణ్ణి, ఆ ప్రశ్నకు రమ్మన్నాను.

మర్నాడు ఇద్దరం సూపరింటెండెంటు దగ్గరికి వెళ్ళాం. ఆయన కుర్చీలోంచి లేచి, కన్నడంలో నాకు తెలిసినవీ తెలియనివీ తిట్లన్నీ తిట్టాడు. పోలీసులన్నాడు. చివరికి ఆయనలోని హాకీ పిచ్చి గెలిచింది. తమ్ముణ్ణి పిలిపించు, ఇద్దరినీ ఎదురెదురుగా ఆడించు, ఎవడు మేలైతే వాడికి ఉద్యోగం, రెండోవాడు ఊరికి పోవాలి అన్నాడు. ఒక్క ఉద్యోగం, ఇద్దరు ఈరన్నలు.

ఆ సాయంత్రం గట్టు మీద కంపెనీ సగం ఉంది. పరీక్ష చాలా మామూలుది. తమ్ముడు గ్రౌండు మధ్య గీత దగ్గర బంతితో బయలుదేరి, అన్నను దాటి గోల్ ముందు వలయంలోకి పోవాలి. అన్న ఆపాలి. మొదటిసారి చిన్నీరన్న ఎడమకు వంగి కుడికి జారాడు, అన్న పక్కనుంచి వెళ్ళిపోయాడు. రెండోసారీ అంతే. మూడోసారి బంతిని అన్న కాళ్ళ మధ్యనుంచే పంపాడు. గట్టు మీద ఈలలు వేశారు. నా ప్రాణం ఉసూరుమంది. అంతగా తీర్చిదిద్దిన టాకిల్ అసలు పరీక్షలో చేయిచ్చింది. పక్కనున్న సూపరింటెండెంటుకు నేనే వివరించాను. చూడండి, కాలు ఆలస్యంగా పడుతోంది, తమ్ముణ్ణి చూసి భయపడ్డాడు అన్నాను. ఆయన చాలించండి అన్నాడు. ఇంకొన్నిసార్లు చూద్దామని బతిమాలాను.

చిన్నీరన్న బూటు లేసు కట్టుకోవడానికి వంగి, అన్నతో ఏదో అన్నాడు. మళ్ళీ బయలుదేరాడు. ఈసారి పెద్దీరన్న అడుగడుగూ వెనక్కి వేస్తూ, కాచుకుని, బంతిని శుభ్రంగా లాక్కున్నాడు. ఆ తర్వాత తమ్ముడు దాటలేకపోయాడు. ఊరికే కాదు, ప్రాణం పెట్టి ఆడాడు. ఎర్ర దుమ్ములో ఇద్దరూ కనబడకుండా పోయారు. చిన్నీరన్న మోకాలు చీరుకుపోయింది, పెద్దీరన్న పెదవి పగిలింది. ఎన్నిసార్లు వచ్చినా బంతి అన్న దగ్గరే ఆగిపోయింది. గట్టు మీద ఈలలు ఆగి, అందరూ లేచి నిలబడ్డారు. ఫార్వర్డులు మళ్ళీ దొరుకుతారు, ఇలాంటి ఫుల్‌బ్యాక్ దొరకడు, వీణ్ణే ఉంచుకుందాం అన్నాడు సూపరింటెండెంటు. కాగితాల్లో పుట్టిన తేదీ తప్ప మార్చాల్సింది కూడా ఏమీ లేకపోయింది.

చిన్నీరన్నను బస్టాండు దాకా నేనే నడిపించుకుంటూ వెళ్ళాను. అంత ఆటగాణ్ణి వదులుకుంటున్నానన్న బాధ నాది. వచ్చే ట్రయల్స్‌కు రమ్మంటే, చూస్తాంలే సార్ అని ఊరుకున్నాడు. ఇంత అనుభవమున్న కోచ్‌ని గదా, నాకు అర్థమైంది అతనికి చెప్పకుండా ఉండలేకపోయాను. మొదటి మూడుసార్లు అన్న బెదిరాడు, తర్వాత కుదురుకున్నాడు, అంతే కదా అన్నాను.

అతను ఆగి నా ముఖంలోకి చూశాడు.

"బెదరడమేంది సార్. మూడుసార్లూ ఇడిచిపెట్టినాడు. ఉద్యోగం నాకు రావల్లని. నాలుగో తూరికి ముందర చెప్తి: ఇంగా కాలు లేటుగా ఏస్తే స్టిక్కు ఈడే పారేసి పోతా, అప్పుడు ఇద్దరికీ ఉండదు అని. నాకు ఆట ఊరికే వచ్చింది సార్. మా అన్న నేర్చుకున్నాడు."

బస్సు వచ్చింది, అతను ఎక్కి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత ఎన్నో సెలక్షన్ కమిటీల్లో కూర్చున్నాను. ఒక మనిషి చేతులు, కాళ్ళు, వేగం చూసి ఇతను ఇంతవాడని చెప్పడమే నా వృత్తి. ఆ వృత్తిలో నేను గట్టివాణ్ణని నలుగురూ అనేవారు, నేనూ అనుకునేవాణ్ణి. కానీ నెలల తరబడి నా చేతుల్లో తయారైనవాడు, నా కళ్ళ ముందే, నేను నేర్పిన కాలినే ఆలస్యంగా వేసి తన బతుకుతెరువును తమ్ముడికి ఇచ్చేస్తుంటే, అతను భయపడ్డాడని నేను సూపరింటెండెంటుకు వివరించి చెప్పాను.