ఒకే పొద్దున రెండు పరుగు పందేలు

పోయిన ఆదివారం మా కింది వాటాలో ఉండే కుర్ర దంపతులు చీకటితోనే కారేసుకుని వాడరేవు వెళ్ళి, సముద్రం పక్క రోడ్డు మీద ఐదు కిలోమీటర్ల పందెం ఒకటి, అది అవుతూనే పది కిలోమీటర్ల పందెం ఇంకొకటి పరిగెత్తి, మెడలో రెండేసి పతకాలు వేసుకుని మధ్యాహ్నానికల్లా ఇంటికొచ్చారు. వచ్చినవాళ్ళు ఊరుకోకుండా మేడెక్కి నా దగ్గరికొచ్చి, అక్కడ పంచిపెట్టిన పల్లీ బెల్లం అచ్చు ఒకటి నా చేతిలో పెట్టారు. నాకు షుగరని ఈ అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మన్‌కి కూడా తెలుసు, వీళ్ళకి తెలియదు. అక్కడి ముచ్చట్లన్నీ ఆ అమ్మాయి ఊపిరాడకుండా చెప్పింది. అడుగడుగునా మంచినీళ్ళట, కాళ్ళు పట్టేస్తే వాటి మీద చల్లటి మందు చల్లేవాళ్ళట, ఎవరో రిటైరైన టీచరుగారు అందరికన్నా వెనకబడి నడుచుకుంటూ వస్తుంటే ముగింపు దగ్గర పందిరిలా కట్టిన గేటు విప్పకుండా ముప్పావుగంట ఆవిడ కోసం నిలబడ్డారట, ఆవిడ రాగానే అందరూ చప్పట్లు కొట్టారట. చివరి మనిషి వచ్చేదాకా అక్కడ గేటు విప్పరట.

నాకెందుకో కడుపు మండింది. నేనూ ఒకే పొద్దున రెండు పందేలు పరిగెత్తాను, రెండూ గెలిచాను, అదీ చెప్పులు లేకుండా, అన్నాను. వాళ్ళ మొహాలు వెలిగిపోయాయి. "ఏమిచ్చారంకుల్ ప్రైజు?" అని అడిగాడు అబ్బాయి. ఉద్యోగం ఇచ్చారన్నాను. "సూపర్ అంకుల్!" అని ఇద్దరూ నాతో ఫొటో దిగి కిందికి వెళ్ళిపోయారు. మిగతాది వాళ్ళకి చెప్పలేదు. చెప్పినా, పత్తిమిల్లు లోపల నిలబడి ఎరగని వాళ్ళకి ఏమర్థమవుతుంది? నా ఈడువాళ్ళు ఎవరైనా చదువుతారేమోనని ఇక్కడ రాస్తున్నాను.

చిలకలూరిపేట వెళ్ళే రోడ్డు మీద, ఇటు మిరప చేలు, అటు పత్తి చేలు, వాటి మధ్యన ఉండేది ఆ జిన్నింగు మిల్లు. అమ్మానాన్నా ఒకే ఏడాది పోతే నన్ను పెంచింది మా అక్క. నాకన్నా ఎనిమిదేళ్ళు పెద్దది. నాకు పందొమ్మిదో ఏడు వచ్చేసరికి ఇద్దరం ఆ మిల్లులోనే పనిచేసేవాళ్ళం. నేను బయట బోరాలు మోసేవాణ్ణి, అక్క లోపల హాల్లో యంత్రాలకి పత్తి అందించేది. గింజ ఒకవైపు, దూది ఒకవైపు పడుతుంటే మధ్యలో లేచే నూగు హాలంతా కమ్ముకుని, ఎదుటి మనిషి మొహం కూడా ఆనేది కాదు. సాయంత్రం పని దిగి బయటికొచ్చే ఆడవాళ్ళు కనురెప్పలతో సహా తెల్లగా ఉండేవాళ్ళు. అప్పుడు వాళ్ళ మేస్త్రి ఒక్కొక్కరి అరచేతిలో వక్కంత బెల్లంముక్క పెట్టేది. గొంతులో పట్టిన నూగుని బెల్లం కడుపులోకి లాగేస్తుందని అందరి నమ్మకం. నిజమో కాదో నాకు తెలియదు గాని, మిల్లు వాళ్ళు ఆ ఆడవాళ్ళ ఊపిరితిత్తుల కోసం చేసిన వైద్యం అదొక్కటే.

మా అక్క ఆ ముక్కని నోట్లో వేసుకునేది కాదు. కొంగున ముడేసి తెచ్చి నాకు పెట్టేది. పొద్దున్నే మా పేట నుంచి మిల్లుకి అందరూ నడిచొస్తుంటే నేనొక్కణ్ణే గుర్రంలా పరిగెత్తుకొచ్చేవాణ్ణి, కేవలం గొప్ప కోసం. పరిగెత్తేవాడికి సత్తువ కావాలని అక్క వాదన. ఆ బెల్లం దేనికిస్తారో నాకు తెలుసు. తెలిసే రోజూ తిన్నాను.

ఆ ఏడు అక్కకి దగ్గు పట్టుకుంది. మా గుళ్ళో స్త్రీల సమాజానికి పాట ఎత్తుకునేది తనే. ఆమె గొంతు లేస్తే వెనక బెంచీల్లో నిద్రపోయే పెద్దలు కూడా సర్దుకుని కూర్చునేవాళ్ళు. అలాంటిది క్రిస్మస్ అయ్యేసరికి పెదాలు కదిపి ఊరుకోవడం మొదలుపెట్టింది. యార్డులో పత్తి ఆరబోసే పనికి మారిస్తే ఆరుబయట గాలికి తగ్గుతుందని మేస్త్రిని బతిమాలితే, "యార్డు పనికి నాకు చుట్టాలు లేరనుకున్నావా?" అందట ఆవిడ. అక్క ఇంటికొచ్చి ఆ మాట నవ్వుతూ చెప్పి, దగ్గి, మళ్ళీ నవ్వింది.

మిరపకాయ కళ్ళాల్లో ఎండే రోజుల్లో మిల్లు షావుకారు కొత్త షెడ్డు కట్టి, దాని ప్రారంభానికి గుంటూరు నుంచి చుట్టాల్ని, స్నేహితుల్ని పిలిచాడు. వాళ్ళ కాలక్షేపానికి రెండు పరుగు పందేలు పెట్టారు. మొదటిది మిల్లు కూలీలకి, గేటు నుంచి వాగు వంతెన దాకా వెళ్ళి రావడం. రెండోది ఎవరైనా పరిగెత్తొచ్చు, వంతెన దాటి పక్క ఊరి అడ్డరోడ్డు దాకా వెళ్ళి రావాలి, అంటే దానికి రెట్టింపు దూరం. షావుకారు బావమరిది కాలేజీ కుర్రాళ్ళని నలుగురిని జీపులో తీసుకొచ్చాడు, అందరికీ తెల్లటి బూట్లు.

మొదటి పందెం నాకు లెక్కలోది కాదు. నేను గేటు దగ్గరికి తిరిగొచ్చేసరికి వెనకవాడు వంతెన మీదే ఉన్నాడు. షావుకారు ముచ్చటపడి, కుర్చీలోంచి లేవకుండానే "ఏం కావాల్రా నీకు?" అన్నాడు. నేను ఆలోచించలేదు. మా అక్కని యార్డులోకి మార్చండయ్యా, దగ్గుతోంది, అన్నాను. ఆయన చుట్టాల వైపు తిరిగి కన్ను గీటాడు. "పంచో చొక్కానో అడుగుతాడనుకున్నా, వీడు మిల్లు నడపడం మొదలెట్టాడే!" అన్నాడు. అందరూ నవ్వారు. "సరే, ఆ రెండోది కూడా గెలువు. అప్పుడడుగు" అన్నాడు.

అక్క ఆడవాళ్ళ గుంపులోంచి పరిగెత్తుకొచ్చింది. నన్ను గోడ నీడన కూర్చోబెట్టి, కొంగుతో నా పాదాలు తుడిచి, ముడి విప్పింది. ఈ రోజు కోసమని ఆ వారం రోజుల బెల్లం నాకు పెట్టకుండా దాచిపెట్టింది, ముక్కలన్నీ ఒకదానికొకటి అంటుకుని ముద్దయిపోయాయి. "నూగు అంటుకుందిరా నాయనా, చూసుకుని తిను" అంది. "గెలవకపోయినా ఏం కాదు, గుండె పగిలేలా పరిగెత్తమాక" అని కూడా అంది. ఆ ముద్దంతా నేనే తినేశాను.

రెండో పందెంలో సగం దూరం దాకా ఆ బూట్ల కుర్రాళ్ళలో ముగ్గురు నా ముందే ఉన్నారు. ఎండెక్కింది, రోడ్డుకి రెండు పక్కలా ఎర్రగా ఆరబోసిన కాయ ఘాటు ముక్కుల్లోకి పోయి ఊపిరి తీస్తే మంట, తీయకపోతే చావు అన్నట్టుంది. అడ్డరోడ్డు దగ్గర తిరిగేటప్పుడు ఇద్దరు కూలబడ్డారు. మూడోవాణ్ణి వంతెన దగ్గర అందుకున్నాను గాని దాటలేకపోయాను, ఎదురుగా పత్తి ట్రాక్టరు రోడ్డంతా ఆక్రమించి వస్తోంది. వాడు ఆగాడు. నేను పక్కనున్న కళ్ళంలోకి దిగి మిరపకాయల మీదుగా పరిగెత్తాను. రైతు "ఒరేయ్, కళ్ళు నెత్తికెక్కాయా? కాయంతా తొక్కేస్తున్నావ్!" అని అరుస్తూ వెంటపడ్డాడు. పగిలిన పాదాల్లోకి గింజలు దిగి నిప్పుల మీద నడిచినట్టయింది. ఆ మంటతోనే గేటు దాటాను, బూట్లవాడి కన్నా మూరెడు ముందు.

కింద పడిపోయి ఎంతసేపున్నానో తెలియదు. లేపి షావుకారు ముందు నిలబెట్టారు. ఆయన చాలా సంతోషంగా ఉన్నాడు, ఆ సంతోషంలోనే ఒక ఆట ఆడాలనిపించింది కాబోలు. గేటు దగ్గర గంట కొట్టే ముసలాయన ఆ నెలతో మానేస్తున్నాడని, ఆ పని నాకిస్తానని, ఖాకీ బట్టలూ బూట్లూ కూడా మిల్లే ఇస్తుందని చెప్పి, "లేదూ, మీ అక్కని యార్డులో వెయ్యమంటే వేస్తా. ఇంటికొకటేరా. రెండూ అంటే కుదరదు. ఏది కావాలో చెప్పు" అన్నాడు. చుట్టాలంతా కుర్చీలు ముందుకి జరుపుకున్నారు.

అక్క అక్కడే ఉంది. పది అడుగుల దూరంలో, జుట్టులో నూగుతో.

ఇన్నేళ్ళుగా నాకు నేను చెప్పుకున్న అబద్ధాలు చాలా ఉన్నాయి. గేటు దగ్గర కుదురుకున్నాక మెల్లగా అక్క సంగతి చూడొచ్చని అప్పుడు అనుకున్నానని మా ఆవిడకి చెప్పాను, పిల్లలకి చెప్పాను. నిజానికి ఆ క్షణంలో అలాంటిదేదీ అనుకోలేదు. నా పాదాలు భగభగ మండుతున్నాయి, ఆయన నోటి నుంచి బూట్లు అన్న మాట వచ్చింది, అంతే.

గేటు పని, అన్నాను.

అందరికన్నా ముందు చప్పట్లు కొట్టింది మా అక్క. తర్వాత మిగతావాళ్ళు కొట్టారు. ఆ సాయంత్రం పని దిగి వస్తూ, మేస్త్రి చేతిలో పెట్టిన బెల్లంముక్కని అక్క అక్కడే నోట్లో వేసుకుని, నా వైపు చూడకుండా నములుతూ ఇంటిదారి పట్టింది. ఆ తర్వాత ఎప్పుడూ నాకు తెచ్చిపెట్టలేదు. ఒక్క మాటా అనలేదు, వండి పెట్టడం మానలేదు, నా ఖాకీ చొక్కా తనే ఉతికి మడతపెట్టేది. తిట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

ఆ పై నెల నుంచి పొద్దున్నే మా అక్కని ఆ హాల్లోకి పంపే గంట నేనే కొట్టేవాణ్ణి. గంట కొట్టగానే గేటు వెయ్యాలి, వేశాక వచ్చినవాళ్ళకి ఆ రోజు పని లేదు. షావుకారు మేడ మీది కిటికీలోంచి చూస్తుండేవాడు. అక్క సంగతి ఆయన్ని మళ్ళీ అడిగానా అంటే, అడగలేదు. అడిగితే నా పని పోతుందేమోనని భయం.

మూడేళ్ళు గడిచేసరికి అక్క నడక మందగించింది. నాలుగడుగులు వేసి ఆగి, ఊపిరి పట్టుకుని మళ్ళీ నడిచేది. ఒకరోజు రాత్రి అన్నం పెడుతూ, కంచంలోకి చూస్తూనే, "రేపటి నుంచి గంట ఒక్క నిమిషం ఆలస్యంగా కొట్టరా తమ్ముడూ. కల్వర్టు దాకా వస్తున్నా గాని, అక్కణ్ణించి ఊపిరి అందట్లేదు" అంది. ఆ పందెం తర్వాత తను నన్నడిగింది అదొక్కటే. నేను సరేనన్నాను.

మర్నాడు టైముకి అక్క కల్వర్టు దాటి వస్తోంది. కనిపిస్తూనే ఉంది. కిటికీలో షావుకారూ కనిపిస్తున్నాడు. నేను గంట కొట్టాను. గేటు వేశాను. అక్క కమ్మీలకి అటువైపు నిలబడి కాసేపు ఊపిరి తీసుకుని, వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. ఆ మర్నాటి నుంచి అరగంట ముందే వచ్చి కల్వర్టు మీద కూర్చునేది. మరుసటి ఏడు వానలకి ముందే పోయింది. గుళ్ళో ఆ రోజు పాట ఎత్తుకోవడానికి ఎవరూ సరిగ్గా దొరకలేదు.

ఆ మిల్లు ఇప్పుడు లేదు. ఆ స్థలంలో పెళ్ళిళ్ళ హాలు కట్టారు, గంట ఏ పాతసామాన్లవాడు పట్టుకుపోయాడో తెలియదు. రోడ్డు నాలుగు వరసలైంది, కళ్ళాలు లోపలికి జరిగాయి. ఊపిరి కోసం పరిగెత్తేవాళ్ళు కూడా వచ్చారు, డబ్బు కట్టి మరీ. వాళ్ళని చూస్తే ముందు చిరాకొస్తుంది, తర్వాత వాళ్ళదేం తప్పని అనిపిస్తుంది. ఆ బెల్లం అచ్చు నాలుగు రోజులు బల్ల మీదే ఉంది, నిన్న చీమలు పట్టాయి. పారేద్దామని తీసి, పారెయ్యలేక, చీమలు దులిపి తినేశాను. తింటున్నంతసేపూ ఆ టీచరుగారే గుర్తొచ్చారు. ముఖం కూడా ఎరగని మనిషి కోసం వీళ్ళు ముప్పావుగంట గేటు విప్పకుండా నిలబడ్డారు. మా అక్క నన్ను అడిగింది ఒక్క నిమిషం.